రెగ్యులేటరుకు పెట్టిన బొట్టు

ఇన్నాళ్లూ ఇది ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు గనక. యాభై రెండేళ్లు వచ్చేదాకా నా పేరు కూడా నాకు ఒక బొమ్మలాగానే కనిపించేది. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టాను. బడి అవతలి ఊళ్లో ఉండేది. అక్కడికి పోయే పడవ పొద్దున్నే, రొయ్యలు ఒడ్డుకు చేరే వేళకే కదిలేది. ఇసుకలో ఎండబోసిన రొయ్యల దగ్గర కాకులనూ కుక్కలనూ తోలడానికి ఇంట్లో ఒకరు ఉండాలి. ఆ ఒకరు నేను. నా తర్వాత పుట్టినవాళ్లు పడవ ఎక్కారు. అందుకు నాకు ఎవరి మీదా కోపం లేదు. ఉన్న కోపమంతా ఒక్క మనిషి కోసం దాచిపెట్టుకున్నాను. అక్షరాలు నేర్చుకున్నది కూడా వాడి కోసమే. నా వేలిముద్ర ఉన్న ఒక కాగితం వాడి ఫైల్లో ఉండేది. దాన్ని బయటికి లాగాలి. అంతే.

వాడు అని రాస్తున్నాను. ఎదురుపడితే సార్ అనేదాన్ని, ఇప్పటికీ సార్ అనే అంటాను. కాగితం మీద నాకు ఆ అవసరం లేదు.

పెళ్లయ్యాక తిరుపతికి వచ్చి చాలా ఏళ్లు లాడ్జీల్లో దుప్పట్లు ఉతికాను. తర్వాత రేణిగుంట రోడ్డులో, సముద్రంలో మునగడం నేర్పించే ఒక చోట పనికి కుదిరాను. తిరుపతిలో సముద్రం ఎక్కడుందని అందరూ నవ్వుతారు. ముందు ఈతకొలనులో నేర్పిస్తారు. నెలకోసారి వ్యానులో పుదుచ్చేరికి తీసుకుపోయి, మూడు రోజులు సముద్రంలో ముంచి తీసుకొస్తారు. డాక్టర్లు, లెక్చరర్లు, కంప్యూటరు ఉద్యోగాలవాళ్లు సెలవు పెట్టుకుని వస్తారు. ఓనరు చెన్నై హార్బరులో ఓడల అడుగుభాగం చూసే డైవరుగా పనిచేసి, వయసు మళ్లాక సొంత ఊరు చేరినవాడు. నన్ను పెట్టుకున్నది నేల తుడవడానికి.

నేను చేరాక మొదటి టూరు సామాను తిరిగి వచ్చిన రోజు, పనివాళ్లు మునిగేటప్పుడు తొడుక్కునే తడి సూట్లన్నీ ఎండలో గోడ మీద పరిచి భోజనానికి పోయారు. నేను వాటన్నిటినీ తీసి మళ్లీ మంచినీళ్లలో ముంచి, రేకుల షెడ్డు నీడలో వేలాడదీశాను. ఓనరు వచ్చి చూశాడు.

"నీడలో ఆరేయమని నీకెవురు చెప్పినారమ్మా?"

"వలకి ఎవురన్నా సెప్పాల్నా సార్? ఎండలో పడేస్తే దారం సచ్చిపోతాది. ఉప్పు దాంట్లోనే ఉంటే ఇంకా తొందరగా సచ్చిపోతాది."

"ఇది దారం కాదు గదమ్మా, రబ్బరు."

"రబ్బరేమన్నా ఉప్పుకి సుట్టమా సార్?"

ఆయన నవ్వాడు. ఆ మరుసటి వారం సామాను గది తాళం నా చేతికి ఇచ్చాడు.

ఆ గదిలో నేను తొమ్మిదేళ్లు ఉన్నాను. సూట్లు మడత పెట్టేదాన్ని కాదు, మడత పడినచోట రబ్బరు పలచబడి చీలుతుంది. లావు కొక్కేలకు వేలాడదీసేదాన్ని. నీళ్లలో తేలడానికి తొడుక్కునే గాలి జాకెట్టు లోపలికి కూడా ఉప్పునీళ్లు చేరతాయి. మంచినీళ్లు పోసి, పిల్లను ఊపినట్టు అటూ ఇటూ ఊపి, తలకిందులుగా పట్టి వంపేసి, సగం గాలి నింపి ఆరబెట్టాలి. కాళ్లకు కట్టుకునే ఫిన్స్‌ను మడమ మీద నిలబెడితే వంకర తిరుగుతాయి. కళ్లకూ ముక్కుకూ పెట్టుకునే అద్దాల మాస్కు పక్కన నల్ల రబ్బరు ఆనుకుని ఉంటే మాస్కుకు మరక పడుతుంది, ఇక పోదు. వ్యానులో గాలి సిలిండర్లను అడ్డంగా పడుకోబెట్టి, సందుల్లో చెక్కముక్కలూ గోనెసంచులూ దోపి, తాడుతో బిగించాలి. ఎండలో మూసిన వ్యానులో వాటిని వదిలేసి హోటలుకు పోకూడదు. డ్రైవరైనా నేనైనా ఒకరం తలుపులు తెరుచుకుని నీడన కూర్చునేవాళ్లం. పులిహోర పొట్లం మా దగ్గరికే వచ్చేది.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది రెగ్యులేటరు. సిలిండరులోని గాలిని నోటికి అందించేది అదే. ఒక చివర సిలిండరు మెడకు బిగుస్తుంది, గొట్టం కొసన రెండో చివర నోట్లో ఉంటుంది. సిలిండరుకు బిగిసే చివర ఒక రంధ్రం, దాని లోపల పావలా బిళ్లంత ఫిల్టరు, దాని మీద ఒక మూత ఉంటాయి. సిలిండరు నుంచి విప్పిన మరుక్షణం మూతను తుడిచి బిగించాలి. మూత పెట్టాకే నీళ్లలో ముంచాలి. రెండో చివర నోటి దగ్గర గుడ్డ కట్టేదాన్ని, బొద్దింకలు దూరకుండా. టూరుకు పోయేటప్పుడు రెగ్యులేటర్ల సంచిని వ్యాను వెనక వేయనిచ్చేదాన్ని కాదు. ఆరు గంటలూ నా ఒళ్లోనే ఉండేది. డ్రైవరు వెక్కిరించేవాడు, "అక్కా, బిడ్డకి పాలు పట్నావా?" అని.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నా మీద పడిన మాట ఏమిటో తెలియాలంటే నా పని తెలియాలి.

ఓనరు మేనల్లుడు మేనేజరుగా వచ్చాడు. పెద్ద చదువు చదివాడు, బాగా ఈదుతాడు, ఇంకా బాగా మాట్లాడతాడు. వచ్చిన నెలలోనే నన్ను కూర్చోబెట్టి, సామాను ఎలా కడుగుతాను, ఎలా దాస్తాను, వ్యానులో ఎలా సర్దుతాను అని ఒక్కొక్కటీ అడిగి ఫోన్లో నా మాటలు పట్టుకున్నాడు. చాలా మర్యాదగా అడిగాడు. కొన్నాళ్లకు గది గోడ మీద అద్దం కట్టిన పెద్ద కాగితం వచ్చింది. పైన ఇంగ్లీషు, కింద తెలుగు అన్నారు. వచ్చినవాళ్లందరూ దాని ముందు నిలబడి చదివేవాళ్లు. నేను దాని మీద దుమ్ము తుడిచేదాన్ని.

ఆయుధపూజ రోజు వాడు సామానంతా బయట పరిపించాడు. సిలిండర్లు వరసగా నిలబెట్టి, ముందు అరటాకుల మీద రెగ్యులేటర్లు. పసుపు, కుంకుమ, సాంబ్రాణి అన్నీ సిద్ధం. వ్యానుకు బొట్టు పెట్టాం, గాలి నింపే మిషనుకు పెట్టాం. అంతవరకు బాగానే ఉంది. రెగ్యులేటర్ల దగ్గరికి వచ్చి వాడు ఒక్కొక్కదాని మూత విప్పడం మొదలుపెట్టాడు.

"సార్, మూత తీయొద్దు సార్."

"మూతకి బొట్టు పెడితే ఏం బాగుంటాదమ్మా, ప్లాస్టిక్కు. ఇత్తడి మీద పెడితే కళగా ఉంటాది. వీడియోలో బాగా పడతాది."

"లోపలికి పోతాది సార్."

"యాడికి పోతాది? ఇంత సన్న జల్లెడ ఉండాది దాంట్లో. నాకు నువ్వు చెప్తాండావా?"

నూనెలో కలిపిన కుంకుమను బొటనవేలితో తీసి, ఇత్తడి అంచున కాదు, సరిగ్గా రంధ్రం మీద అద్దాడు. పసుపు చల్లాడు. ఫోనుతో వీడియో తీశాడు. పూజ అయ్యాక గుడ్డతో తుడిచి మూతలు బిగించమన్నాడు. నేను ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూశాను. అన్నిటిలోనూ పోయింది, ఒక్కదానిలో మాత్రం ఫిల్టరు మీద ఎరుపు మిగిలింది. పుల్లకు గుడ్డ చుట్టి గీకాను. ఎరుపు లోపలికే పోయింది. వాడికి చూపించాను. ఊది, సిలిండరుకు బిగించి రెండుసార్లు పీల్చి, బాగానే ఉండాది పోమ్మా అన్నాడు. నేను మూత బిగించి కొక్కానికి తగిలించాను. నేరుగా ఓనరుకే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నా తప్పు అంతవరకే, అంతకుమించి ఒక్క ఇసుమంత కూడా నేను ఒప్పుకోను.

వానలు పోయి సముద్రం తేటపడ్డాక టూరు బయలుదేరింది. ఎనిమిది మంది. వాళ్లలో చిత్తూరు నుంచి ఒక లెక్చరరమ్మ. ఆమెకు ఆ రెగ్యులేటరు వచ్చింది. పైన పీలిస్తే గాలి బాగానే వచ్చింది. లోతుకు పోయేకొద్దీ ఎక్కువ గాలి కావాలి, ఆ మూసుకుపోయిన ఫిల్టరు ఇవ్వలేకపోయింది. లోపల ఎవరో గొంతు మీద చెయ్యి వేసి కొంచెం కొంచెంగా నొక్కుతున్నట్టు ఉందని ఆమె తర్వాత చెప్పింది. పక్కనున్న గైడు తన రెండో గొట్టం ఆమె నోటికి అందించి నిదానంగా పైకి తెచ్చాడు. పడవలో ఆమె పెదాలు వణకడం నేను చూశాను. తువ్వాలు కప్పబోతే నన్ను తోసేసింది. అప్పటికింకా నన్ను ఎవరూ ఏమీ అనలేదు, భయంతో తోసింది.

సాయంత్రం బసచేసిన ఇంటి మేడ మీద అందరినీ కూర్చోబెట్టాడు వాడు. నన్ను పిలిపించాడు.

"జరిగింది మా మనిషి వల్లనే. మూత పెట్టకుండా నీళ్లలో ముంచేసింది. లోపలికి నీళ్లు పోయి ఫిల్టరు పట్టేసింది. గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసి పెట్టినాను. ఏం చేసేది, ఈమెకు చదవను రాదు."

"సార్, నేను ముంచలా. మీరు బొట్టు..."

"చూడండి, ఇప్పుడు దేవుడి మీద పెడతాది."

ఒకరిద్దరు నవ్వారు. లెక్చరరమ్మ నవ్వలేదు. నా వైపు చూసి, "చదువు రానివాళ్ల చేతిలో మా ప్రాణాలు పెట్టినారా మీరు?" అని వాడిని అడిగింది. ఆ ప్రశ్న వాడిని అడిగినా తగిలింది నాకు.

వాడు కాగితం తీశాడు. తప్పంతా నాదేనని ముందే రాసిపెట్టుకున్నాడు. వేలిముద్ర పెడితే అందరికీ మంచిది, ఉద్యోగం పోకుండా నేను చూసుకుంటాను అన్నాడు. స్టాంపు ప్యాడు తెరిచి నా బొటనవేలు పట్టుకుని అద్ది, కాగితం మీద నొక్కాడు. నా చేతిని నేను వెనక్కి లాక్కోలేదు. ఎనిమిది మంది చూస్తున్నారు. వేలికి అంటిన ఊదారంగు సిరాను మూడు రోజులు సబ్బుతో రుద్దాను. నాలుగో రోజు రుద్దడం మానేశాను. పోయేదాకా ఉండనిమ్మన్నాను.

తిరుపతికి తిరిగి వచ్చాక నా పని మారింది. రెగ్యులేటర్లు నేను ముట్టకూడదు. ఫిన్స్, సూట్లు కడగాలి, సిలిండర్లు మోయించాలి. వ్యానులో నా ఒళ్లో ఏమీ ఉండేది కాదు. ఓనరు నాతో మాట తగ్గించాడు. ఆయన దగ్గరికి రెండుసార్లు పోయాను. కాగితం ఉండాది గదమ్మా, నీ వేలిముద్రే గదా అన్నాడు.

ఆ రెగ్యులేటరును సర్వీసుకు పంపుతానని అందరి ముందూ చెప్పిన మేనేజరు, దాన్ని ఒక అట్టపెట్టెలో పెట్టి బీరువా పైకి నెట్టాడు. నెల గడిచినా అది అక్కడే ఉంది. అప్పుడు నాకు అర్థమైంది. దాన్ని విప్పితే కుంకుమ బయటపడుతుందని వాడికి నాకంటే బాగా తెలుసు.

డ్రైవరు నాకంటే చిన్నవాడు, కానీ మనవళ్లున్నవాడు. సిలిండర్లను పరీక్షలకు చెన్నై తీసుకుపోయేది అతనే. అతనితో అన్నాను, "ఆ పెట్టె నువ్వు తీసకపోయి సర్వీసోళ్లకి ఇయ్యి, ఇప్పి సూడమను."

"నోటితో చెప్తే ముట్టుకోరక్కా. ఏం చెయ్యాల్నో కాగితం మీద రాసియ్యాల."

"అయితే నువ్వు రాయి."

"నా రాత ఆయనకు తెలుసు. దినామూ ట్రిప్పు షీటు రాసేది నేనే గదా. రేపు ఆ కాగితం పట్టుకుని నన్ను ఇంటికి పంపిస్తాడు. నాకు ఇంకో స్టీరింగు యాడుండాది?"

"ఇంకెవురితోనన్నా..."

"ఎవురితో రాయిస్తే వాళ్ల నోట్లో పడినట్టే. నువ్వే రాసుకో అక్కా."

"నేను రాసుకునేదానికి నాకు రావాల గదప్పా!"

"రానీ. పెట్టె యాడికీ పోదు. ఆయన ముట్టడు, నిన్ను ముట్టనీడు. తీరిగ్గా నేర్సుకో."

ఎగతాళికే అన్నాడు. నేను ఆ రోజే మొదలుపెట్టాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సుద్దముక్కతో సిలిండర్ల మీద రాసేదాన్ని. డ్రైవరు ఒక సిలిండరు మీద అక్షరం వేసి ఇచ్చేవాడు. నేను మిగతా వరసంతా అదే అక్షరం వేసుకుంటూ పోయేదాన్ని. ఎలాగూ కడగాల్సినవే కాబట్టి కడిగితే పోయేది. టూరుకు పోయేటప్పుడు దారిలో బోర్డులు చదివించేవాడు. పుత్తూరు వచ్చేసరికి రోడ్డుకు రెండు వైపులా ఎముకల కట్లు కట్టేవాళ్ల బోర్డులే. అన్నిట్లోనూ అదే మాట ఉంటుంది గనక నాకు అది త్వరగా పట్టుబడింది. "ఈడ ఇరిగిన కాలైనా అతికిస్తారు. నువ్వు రాసే గుణింతం మాత్రం అతకదు అక్కా," అనేవాడు. నగరి దాటితే బోర్డులన్నీ అరవంలోకి మారేవి. నా బడి అక్కడికి బందు.

ఒకటి చెప్పాలి. చదువు వస్తే మనసు మెత్తబడుతుందని ఎక్కడో ఎవరో అంటుంటే విన్నాను. నాకు అలా జరగలేదు. మూడు నెలలకు కూడబలుక్కుని చదవడం వచ్చాక, మొదట చదివింది గోడ మీది కాగితం. నాలుగు రోజులు పట్టింది. నీళ్లలో ముంచే ముందు మూత బిగించవలెను. సూట్లను మడత పెట్టరాదు. సిలిండర్లను ఎండలో మూసిన బండిలో ఉంచరాదు. రెగ్యులేటర్లను ఒడిలో ఉంచుకొనుట మేలు. ఒడిలో! ఆ మాట నేను కాక ఇంకెవరు చెప్తారు? కింద వాడి పేరు, వాడి ఫొటో. నా మాటలనే గోడకెక్కించి, వాటిని చదవలేకపోయానని నన్ను దోషిని చేశాడు. ఆ రోజు నుంచి దుమ్ము తుడవడం మానేశాను.

చాలామంది నన్ను వదిలెయ్యమన్నారు. చర్చికి పోయే మా పక్కింటామె, క్షమిస్తే నీ బరువే తగ్గుతాది అంది. నా బరువు నాకు బాగానే ఉంది, నేను మోయగలను అన్నాను.

ఆ టూరు జరిగిన ఏడో నెలలో ఉత్తరం రాశాను. పదిసార్లు సిలిండరు మీద రాసి తుడిచి, పదకొండోసారి కాగితం మీద పెట్టాను. ఇలా రాశాను: "అయ్యా, ఈ రెగ్యులేటరు విప్పి లోపల ఏమి ఉందో చూడండి. నీళ్లు పోయినవా, వేరే ఏమైనా పోయినదా. చూసింది చూసినట్టు రాయండి. ఫొటో తీయండి. ఇది తెచ్చిన మనిషి చేతికే ఇవ్వండి. నేను దీన్ని కడిగే ఆమెను." తప్పులు ఉండే ఉంటాయి. సర్వీసు చేసే మెకానిక్‌ది సూళ్లూరుపేట, తెలుగు చదువుతాడని డ్రైవరు చెప్పాడు. బీరువా పైనున్న పెట్టెను నేనే స్టూలెక్కి దించాను. ముట్టొద్దన్నది రెగ్యులేటర్లను, నేను ముట్టింది అట్టపెట్టెను.

వారం తర్వాత జవాబు వచ్చింది. సగం పేజీ తెలుగులో ఆ మెకానిక్ చేతిరాత, కింద దుకాణం ముద్ర, రెండు ఫొటోలు. వ్యాను పక్కన నిలబడే చదువుకున్నాను. డ్రైవరు అందుకోబోతే ఇవ్వలేదు.

"ఇంకేం, పోయి ఓనరుకి ఇచ్చెయ్యక్కా."

"ఇయ్యను."

"ఎందుకు?"

"నన్ను ఎంతమంది ముందర నిలబెట్నాడు?"

అతను వేళ్లు మడిచి లెక్కపెట్టి ఊరుకున్నాడు. వానలకు ముందు చివరి టూరుకు ఇంకా పదకొండు రోజులుంది. ఆ పదకొండు రోజులూ వాడికి నమస్తే సార్ అన్నాను. టీ తెచ్చి ఇచ్చాను. వాడు నవ్వినప్పుడల్లా, నవ్వుకో అనుకున్నాను. నా జీవితంలో అంత తృప్తిగా ఎవరికీ టీ ఇవ్వలేదు.

టూరు రోజు మధ్యాహ్నం వ్యాను ఎక్కడానికి తొమ్మిది మంది చేరారు. లెక్చరరమ్మ కూడా వచ్చింది. ఆ రోజు నుంచి నీళ్లలో దిగలేదట, ఈసారి దిగకపోతే ఇక ఎప్పటికీ దిగలేనని వచ్చిందట. ఓనరు అందరినీ సాగనంపడానికి బయటికి వచ్చాడు. మేనేజరు సామాను జాగ్రత్తల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మూత అనే మాట రాగానే నేను ముందుకు పోయాను.

"సార్, దాని గురించి ఒక కాగితం వచ్చినాది. సదువుతాను."

"నువ్వా?" అన్నాడు వాడు. "ఏమ్మా, జోకా?"

"వినండి సార్. నవ్వొస్తే నవ్వండి."

నేను కావాలనే నిదానంగా చదివాను. వేగంగా చదవగలిగినచోట కూడా ఆగాను. 'లోపల నీళ్లు తగిలిన గుర్తు లేదు. ఉప్పునీరు పోయి ఉంటే ఫిల్టరు పచ్చగా తుప్పు పట్టేది. ఫిల్టరు నిండా కుంకుమ, పసుపు, నూనె గడ్డకట్టి ఉన్నాయి. మూత తీసి పైనుంచి అద్దితే తప్ప ఇలా చేరవు. గాలి పోయే దారిలో నూనె చాలా ప్రమాదం.' నూనె దగ్గరికి వచ్చేసరికి వాడి మొహం వైపు చూశాను. ఆ మొహాన్ని మళ్లీ చదవడం మొదలుపెట్టినట్టు రెండోసారి చూశాను. ఫొటోలు లెక్చరరమ్మ చేతికి ఇచ్చాను. ఒక ఫొటోలో ఫిల్టరు, నుదుటి మీది బొట్టులాగే ఎర్రగా.

"మామా, అది పాత..." అని వాడు మొదలుపెట్టాడు.

"ఆయుధపూజ వీడియో నీ ఫోన్లోనే ఉండాది గదరా?" అన్నాడు ఓనరు.

వాడు ఫోనున్న జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. లెక్చరరమ్మ ఫొటో నుంచి తల ఎత్తి, "ఏడు నెలలు నా కలల్లోకి ఈమె వచ్చింది. నువ్వు రావాల్సిన చోట," అంది వాడితో. నాతో ఏమీ అనలేదు. నేనూ ఆమె నుంచి ఏమీ ఆశించలేదు. మేడ మీద ఆమె అన్న మాటను కూడా నేను ఇంకా దాచుకునే ఉన్నాను.

ఓనరు నా భుజం తట్టి, "పోనీలేమ్మా, నిజం తెలిసిపోయినాది. పిల్లోడు తప్పు చేసినాడు. వ్యానుకి టైమవతాంది," అన్నాడు.

"నా కాగితం తెప్పించండి సార్."

"చించేస్తాలే, నేను చూసుకుంటా."

"చించొద్దు. తెప్పించండి."

తెచ్చారు. నా వేలిముద్ర ఉన్న ఆ కాగితాన్ని అప్పుడే మొదటిసారి చదివాను. నిర్లక్ష్యం అనే మాట దగ్గర నోరు తిరగలేదు, రెండుసార్లు పలికాను. తర్వాత దాన్ని తిప్పి వాడి ముందు పెట్టాను.

"దీని ఎనకాల, మూత తీసి కుంకం పెట్టింది నేనే, ఈమె కాదు అని రాయండి సార్."

ఓనరు చూస్తున్నాడు. వాడు రాశాడు. సంతకం పెట్టబోయాడు.

"సంతకం వద్దు. వేలిముద్ర ఎయ్యండి."

"నాకు సంతకం వచ్చు గదమ్మా!"

"నాకు తెలుసు సార్. మీకు సదువు ఉండాది. వేలిముద్రే ఎయ్యండి."

ఎవరో దగ్గారు. వాడు మామ వైపు చూశాడు. ఓనరు కాగితాన్ని వాడి వైపు జరిపి, "ఎయ్యిరా," అన్నాడు. స్టాంపు ప్యాడు నేనే తెరిచాను. వాడి బొటనవేలిని నేను పట్టుకోలేదు. తానే అద్దుకున్నాడు, తానే నొక్కాడు. తుడుచుకోవడానికి వాడు గుడ్డ కోసం చూస్తే, నా భుజం మీది తువ్వాలును నేను కదిలించలేదు. కాగితం మడిచి రవికలో పెట్టుకున్నాను. రెగ్యులేటర్ల సంచి అడిగి తీసుకుని వ్యాను ఎక్కాను.

దారంతా వాడు ముందు సీట్లో కూర్చుని చేతిని తొడ కింద పెట్టుకున్నాడు. డ్రైవరు ఏ బోర్డూ చదవమనలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా, అందరికంటే ముందు పడవల రేవుకు పోయాను. తొమ్మిది మందివీ, గైడుదీ, వాడిదీ ఒక్కొక్క రెగ్యులేటరును సిలిండరుకు బిగించి, గాలి విప్పి, నేనే పీల్చి చూశాను. వాడిదాన్ని మిగతావాటికంటే ఎక్కువసార్లు పీల్చాను. వాడికి ఏమీ కాకూడదు. ఆ కాగితం నా దగ్గర ఉన్నన్నాళ్లూ వాడు బతికి ఉండాలి. తర్వాత అందరూ వచ్చారు. ఒక్కొక్కరి ముందూ మళ్లీ రెండుసార్లు పీల్చి చూపించి ఇచ్చాను, ధైర్యంగా ఉంటుందని. లెక్చరరమ్మకు మూడుసార్లు చూపించాను. వాడి వంతు వచ్చింది. వాడికి పీల్చి చూపించలేదు. ఊరికే చేతికి అందించాను. వాడు దాన్ని పట్టుకుని, రంధ్రం బిగిసిన చోటు చూశాడు, గొట్టం చూశాడు, నన్ను చూశాడు. అడగాలని ఉంది, అడగలేకపోయాడు. నేను పక్కకు తిరిగి ఫిన్స్ సర్దుతూ, వాడు దాన్ని నోట్లో పెట్టుకునేదాకా అక్కడే నిలబడ్డాను.